హెచ్‌ఐవీ ఉన్న గర్భిణి కాన్పుకి వస్తే వేరే బెడ్ వేయాలా?

"కొత్తగా లేబర్ రూమ్ డ్యూటీలో చేరాను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు కాన్పుకి వస్తే మా దగ్గర మూలనున్న చివరి బెడ్ ఇస్తారు, కేస్ షీట్ అట్ట మీద ఎర్ర ఇంకుతో రాస్తారు, తప్పదంటే గానీ దగ్గరికి వెళ్లరు. ఇది పద్ధతేనా? అందర్నీ గౌరవంగా చూడాలని ట్రైనింగ్‌లో చెప్పారు. కానీ ఒకేసారి నలుగురు నొప్పుల మీద ఉంటే అదంతా ఎలా కుదురుతుంది?" అని అడిగారు మీరు.

సూటిగా చెప్తాను సిస్టర్. వేరే బెడ్ అక్కర్లేదు, ఎర్ర ఇంకు అసలే వద్దు. మీరు వేసుకునే గ్లోవ్స్, ఏప్రన్, కళ్లద్దాలు ఆమెకీ పక్క బెడ్ మీదున్న ఆమెకీ ఒకేలా ఉండాలి. హెచ్‌ఐవీ వల్ల మారేవి కొన్ని వైద్య విషయాలు మాత్రమే. మందుల టైము, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క), ఉమ్మనీటి సంచిని ముట్టుకోవాలా వద్దా అన్నది, రక్తస్రావానికి ఇచ్చే ఒక ఇంజెక్షన్, బిడ్డకి వేసే మందు. ఇవన్నీ పక్కవాళ్లకి తెలియకుండా జరిగిపోవాలి. ఇక రద్దీలో గౌరవం అంటారా, దానికి మీరు భయపడేంత టైము పట్టదు. అదీ చెప్తాను.

నా సర్వీసులో ఎక్కువ భాగం లేబర్ రూమ్‌లోనే గడిచింది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకి నేర్పుతున్నాను. అక్కడ జరిగే అవమానాలకి మూలం చాలాసార్లు రెండే: భయం, తొందర. హెచ్‌ఐవీ ఉన్నామె దగ్గర భయం పనిచేస్తుంది, మిగతావాళ్ల దగ్గర తొందర. అందుకే "ప్రేమగా మాట్లాడండి" అని క్లాసు పీకితే అది రెండో నైట్ డ్యూటీ దాకా కూడా నిలవదు. భయం తగ్గే ఏర్పాటు, తొందర తగ్గే ఏర్పాటు చేస్తే అదే స్టాఫ్ వేరేలా కనిపిస్తారు.

ముందు భయం సంగతి. హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3%, అంటే వెయ్యిలో మూడు. కంట్లో చిందితే ఇంకా తక్కువ. గాయం లేని చర్మం మీద పడితే సోకదు. దుప్పటి, టాయిలెట్, బీపీ మిషన్, చెయ్యి పట్టుకోవడం... వీటివల్ల రాదని మీకు తెలుసు, మీ సీనియర్లకీ తెలుసు. ఆమె మందులు సరిగ్గా వాడుతూ వైరల్ లోడ్ బాగా తగ్గి ఉంటే సూది ప్రమాదం కూడా ఇంకా తగ్గుతుంది. టీకా వేసుకోనివాళ్లకి హెపటైటిస్ బీ అయితే ఇదే సూది ద్వారా 30% దాకా సోకే అవకాశం ఉంది. అయినా హెపటైటిస్ బీ పేరు చెప్తే ఎవరూ బెడ్ మార్చరు, గమనించారా?

అసలు పాజిటివ్ అని తెలిసిన ఆమె దగ్గరే జాగ్రత్తపడటం మీకే ప్రమాదం. మా దగ్గర ఒక జూనియర్, "నెగటివ్" అని రాసి ఉన్నామెకి కుట్లు వేస్తూ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. రక్తం కంట్లో చిందింది. షీట్ తిరగేస్తే ఆ రిపోర్టు మూడో నెలలోది. ఆ తర్వాత ఏమైందో ఎవరికి తెలుసు? గర్భం మధ్యలో సోకి ఉండొచ్చు, కొత్తగా సోకిన రోజుల్లో పరీక్షలో కనపడకపోవచ్చు. అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు గానీ, ఆ అమ్మాయి ఆ తర్వాత అందరి దగ్గరా కళ్లద్దాలు పెట్టుకుంటోంది. అందరి రక్తాన్నీ ఒకేలా చూడాలన్న నియమం ఉన్నది తల్లి కోసం ఎంతో మన కోసమూ అంతే.

మీరు రేపు డ్యూటీకి వెళ్లగానే చూడాల్సింది ఒకటుంది. రాత్రి రెండింటికి సూది గుచ్చుకుంటే పెప్ మందు (హెచ్‌ఐవీ సోకకుండా వెంటనే మొదలుపెట్టేది) మొదటి డోసు ఎక్కడ దొరుకుతుంది? ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్లతో కడగాలి, పిండకూడదు, బ్లీచింగ్ లాంటివి పోయకూడదు. వెంటనే రిపోర్టు చేయాలి. మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు, మొత్తం 28 రోజులు వాడాలి. నేను పనిచేసిన ఒకచోట ఈ మందు ఆఫీసు బీరువాలో ఉండేది, ఆఫీసు పొద్దున తెరిచేవాళ్లు. రాత్రి డ్యూటీవాళ్లు హెచ్‌ఐవీ కేసు అనగానే వణికిపోవడంలో ఆశ్చర్యమేముంది? మందుని లేబర్ రూమ్ అల్మారాలోకి మార్పించి, మాయని చేత్తో తీయాల్సి వచ్చినప్పటి కోసం మోచేతి దాకా వచ్చే గ్లోవ్స్ తెప్పించాక, ఎవరూ ఎవరికీ నీతులు చెప్పకుండానే చివరి బెడ్ గోల సగం తగ్గిపోయింది.

గుట్టు ఎలా కాపాడాలి. ఆమె సంగతి తెలియాల్సింది చికిత్స చేసేవాళ్లకి. ఆయాకి, సెక్యూరిటీకి, బట్టలు ఉతికేవాళ్లకి తెలియాల్సిన పని లేదు. జాగ్రత్తలు అందరికీ ఒకటే అయినప్పుడు తెలిసి వాళ్లు చేసేదేమీ ఉండదు. వివరం షీట్ లోపలి పేజీలో ఉండాలి. అట్ట మీద, బెడ్ తల దగ్గర, చెత్త సంచి మీద రాయడం అంటే వార్డంతా చాటింపు వేయడమే.

గుట్టు బయటపడేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, షిఫ్టు మారేటప్పుడు బెడ్ పక్కన నిలబడి గట్టిగా ఇచ్చే హ్యాండోవర్. ఆ ఒక్క విషయం నర్సుల టేబుల్ దగ్గర చెప్పుకుని తర్వాత బెడ్ దగ్గరికి వెళ్లండి. రెండోది, ఆమె వేసుకునే మాత్రలు. మూడోది ఎవరూ ముందుగా ఆలోచించనిది: బిడ్డకి వేసే సిరప్. పక్క బిడ్డలకి లేని మందు ఈ బిడ్డకే ఎందుకని చుట్టాలు తప్పకుండా అడుగుతారు.

ఒకామె అత్తగారిని తోడు తెచ్చుకుంది. భర్తకి తెలుసు, అత్తగారికి తెలియదు. నేను ఆమెని చేర్చుకునేటప్పుడే, చుట్టాలు బయట ఉండగా, అందర్నీ అడిగే రెండు ప్రశ్నలు అడిగాను: "మీ పక్కన ఎవరుంటే మీకు ధైర్యంగా ఉంటుంది? మీ ఆరోగ్యం సంగతులు వాళ్ల ముందు ఎంతవరకు మాట్లాడొచ్చు?" ఆమె గొంతు తగ్గించి చెప్పింది. సిరప్ గురించి ఎవరడిగినా "డాక్టర్ రాసింది, వివరాలు తల్లినే అడగండి" అనాలని స్టాఫ్ అందరం ఒకే మాట మీద ఉన్నాం. అత్తగారు అడిగారు కూడా. ఆ జవాబుతో ఊరుకున్నారు. అబద్ధం చెప్పలేదు, గుట్టూ బయటపెట్టలేదు. ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది ఆమె ఇష్టం, మనది కాదు.

ఇక నిజంగా మారే వైద్య విషయాలు. డాక్టర్ నిర్ణయించేవి డాక్టరే నిర్ణయిస్తారు, కానీ మీరు గుర్తుచేయాల్సినవి ఉన్నాయి.

ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి, నొప్పుల్లో కూడా టైముకి పడాలి. సిజేరియన్ కోసం ఏమీ తినొద్దన్నా, ఈ మాత్ర గుక్కెడు నీళ్లతో ఇవ్వొచ్చా అని అడగండి. మామూలుగా ఇమ్మంటారు. వాటిలో ఒకటైన డోలుటెగ్రావిర్ వాడుతుంటే ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి ఖాళీ కడుపున వేసుకోకూడదు, మందు సరిగ్గా ఒంటికి పట్టదు. భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. లేదంటే వాటికి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో వేసుకోవాలి. మన దగ్గరికి వచ్చే ప్రతి గర్భిణీ ఐరన్, కాల్షియం వాడుతూనే ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

చివరి వైరల్ లోడ్ రిపోర్టు ఎప్పటిదో, ఎంతో చూడండి. ఏ చికిత్సా లేకపోతే గర్భంలో, కాన్పులో, పాల ద్వారా కలిపి బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45% దాకా ఉంటుంది. కాన్పు నాటికి వైరల్ లోడ్ కనపడనంత తగ్గితే కాన్పులో సోకే అవకాశం 1% లోపే. కాబట్టి హెచ్‌ఐవీ అనగానే సిజేరియన్ అనేది పాత అలవాటు. ఆ ఒక్క కారణంతో అందరికీ సిజేరియన్ చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. వైరల్ లోడ్ మిల్లీలీటరుకి 1000 కాపీలు దాటి ఉంటే చాలా మార్గదర్శకాల్లో 38 వారాలు నిండాక చేసేలా ముందుగా తేదీ పెట్టుకున్న సిజేరియన్, దానితో పాటు రక్తనాళం ద్వారా జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు సూచిస్తారు.

మామూలు కాన్పు జరుగుతుంటే కారణం లేకుండా ఉమ్మనీటి సంచిని చిదపకూడదు. వైరల్ లోడ్ ఎక్కువున్నా, ఎంతో తెలియకపోయినా మరీ జాగ్రత్త. యోని దగ్గర పెట్టే కోత, బిడ్డ తలని పట్టి లాగే వ్యాక్యూమ్ లాంటివి నిజంగా అవసరమైతేనే. మీ దగ్గర ఆమెకి పీవీ (చెయ్యి పెట్టి లోపల చూసే పరీక్ష) తక్కువ చేస్తారని కూడా అర్థమవుతోంది. పీవీ తక్కువ చేయడం మంచిదే, కానీ అందరికీ. నొప్పులు బాగా అందుకున్నాక మామూలుగా 4 గంటలకోసారి చాలు. భయపడి ఆమెని వదిలేయడం, అవసరం లేదని పరీక్ష మానడం ఒకటి కాదు. బిడ్డ గుండె చప్పుడు, బీపీ, నొప్పుల లెక్క ఆమెకీ అంతే తరచుగా చూడాలి.

కాన్పయ్యాక రక్తస్రావం ఎక్కువైతే అలవాటుగా చెయ్యి మెథర్జిన్ ఇంజెక్షన్ వైపు వెళ్తుంది. ఆమె రిటొనావిర్ గానీ, కోబిసిస్టాట్ గానీ ఉన్న హెచ్‌ఐవీ మందులు వాడుతుంటే మెథర్జిన్ లాంటి ఎర్గోమెట్రిన్ జాతి ఇంజెక్షన్లతో రక్తనాళాలు ప్రమాదకరంగా బిగుసుకుపోవచ్చు. మందుల పేర్లు ముందే డాక్టర్‌కి చెప్పి ఉంచండి. రక్తస్రావానికే ఇచ్చే ఆక్సిటోసిన్‌కి ఈ ఇబ్బంది లేదు.

బొడ్డు తాడు ఒక నిమిషం ఆగి కట్ చేయడం, బిడ్డని తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం ఆమెకీ వర్తిస్తాయి. బిడ్డని తీసుకెళ్లి మూలన ఉన్న ఊయలలో పెట్టి, తల్లిని ముట్టుకోనివ్వని చోట్లు నేను చూశాను. దానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. బిడ్డకి మందు పుట్టిన వెంటనే మొదలవ్వాలి. ప్రమాదం తక్కువున్న బిడ్డలకి ఎక్కువచోట్ల నెవిరపిన్ 6 వారాలు ఇస్తారు, ప్రమాదం ఎక్కువుంటే ఒకటికన్నా ఎక్కువ మందులు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కాలం. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు 18 నెలల దాకా ఉండొచ్చు కాబట్టి, వాటినే వెతికే మామూలు రాపిడ్ టెస్ట్ చేసి "బిడ్డకీ ఉంది" అని ఎవరూ ప్రకటించకూడదు. వైరస్‌ని నేరుగా వెతికే పరీక్ష 4 నుంచి 6 వారాల మధ్య తప్పనిసరిగా చేయాలి, ఆ తేదీ రాసిన కాగితం ఇచ్చాకే ఇంటికి పంపండి.

పాల విషయం గర్భంలోనే మాట్లాడి తేల్చి ఉండాలి. తల్లి మందులు మానకుండా వాడుతుంటే మొదటి 6 నెలలు చనుబాలు మాత్రమే, తర్వాత మిగతా ఆహారంతో పాటు కనీసం ఏడాది, కావాలంటే రెండేళ్లు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. చనుబాలు వద్దని చాలా కాలం గట్టిగా చెప్పిన అమెరికా కూడా 2023లో మెత్తబడి, వైరల్ లోడ్ అదుపులో ఉన్న తల్లితో మాట్లాడి నిర్ణయించమంది. ఆమె ఏది ఎంచుకుందో అడిగి అందులో సాయం చేయండి. చుట్టాల ముందు నిలబడి "నువ్వు పాలివ్వకూడదు కదా" అనడం ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు.

కాన్పు మధ్యలో పరీక్ష చేయాల్సి వస్తే? ముందెప్పుడూ చూపించుకోకుండా నేరుగా నొప్పులతో వచ్చేవాళ్లు ఉంటారు. పరీక్ష ఎందుకో రెండు ముక్కల్లో చెప్పి, సరే అన్నాకే చేయండి. పాజిటివ్ వస్తే తోడు వచ్చినవాళ్లని కాసేపు బయటికి పంపి, నొప్పికీ నొప్పికీ మధ్య ఆమె పక్కన కూర్చుని చెప్పాలి. నేను చెప్పేది ఇంతే: "మొదటి పరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్టు వచ్చింది, ఖాయం చేయడానికి ఇంకో పరీక్ష ఉంది. బిడ్డకి రాకుండా మందు ఇప్పుడే మొదలుపెడదాం. మీరు చెప్పమనేదాకా ఇంట్లోవాళ్లకి మేం చెప్పం." మిగతా కౌన్సెలింగ్ అంతా కాన్పయ్యాక. నొప్పుల్లో ఉన్న మనిషికి అరగంట పాఠం తలకెక్కదు.

ఇప్పుడు తొందర సంగతి, అంటే నలుగురు ఒకేసారి ఉంటే ఏం చేయాలన్నది. ఘనా, గినియా, మయన్మార్, నైజీరియాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2019లో వచ్చింది. మూడో వంతుకి పైగా మహిళలు తిట్లో, దెబ్బలో, వివక్షో ఏదో ఒకటి ఎదుర్కొన్నారని తేలింది. చిన్న వయసువాళ్లు, చదువు తక్కువున్నవాళ్లు ఎక్కువగా పడ్డారు. నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకో విషయం: ఈ తిట్లూ దెబ్బలూ బిడ్డ పుట్టడానికి అరగంట ముందు నుంచి పుట్టాక పావుగంట దాకా ఎక్కువగా ఉన్నాయి. అంటే మనకి టెన్షన్ పెరిగే ఆ ముప్పావుగంటే.

"తిడితేనే ముక్కుతారు" అని మీకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. "మొగుడి దగ్గర లేని ఏడుపు ఇప్పుడెందుకు" అన్న మాట కూడా వినే ఉంటారు. తిట్టినంత మాత్రాన గర్భాశయ ముఖద్వారం త్వరగా తెరుచుకోదు. గంటకి ఒక సెంటీమీటరు తెరుచుకోవాల్సిందే అన్న పాత లెక్కని అందరికీ వర్తించొద్దని 2018లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చాలామందికి అంతకన్నా నెమ్మదిగా సాగుతుంది, అయినా తల్లీబిడ్డా బాగానే ఉంటారు. ఆ మార్గదర్శకాల ప్రకారం పొట్ట మీద నొక్కి బిడ్డని బయటికి నెట్టడం, అందరికీ అలవాటుగా కోత పెట్టడం, ఎనిమా, షేవింగ్ ఇవేవీ చేయకూడదు. ప్రమాదం లేని ఆమె నడవొచ్చు, తాగొచ్చు, తినొచ్చు, కూర్చునో పక్కకి తిరిగో కనొచ్చు. లెక్కేసి చూడండి, ఇవి పాటిస్తే మన పని తగ్గుతుంది గానీ పెరగదు.

తొందరని అన్నిటికన్నా తగ్గించేది ఆమె కోరుకున్న తోడు. నొప్పుల పొడవునా పక్కన ఒక మనిషి ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయి, సిజేరియన్లు తగ్గుతాయి, కాన్పు కొంచెం త్వరగా అవుతుంది. పదిహేను వేల మందికి పైగా మహిళలతో చేసిన అధ్యయనాల్ని కలిపి చూసి 2017లో తేల్చిన విషయమిది. "తోడు వస్తే గుంపు అవుతుంది" అని చాలామంది ఇన్‌చార్జిలు అడ్డుకుంటారు. బెడ్‌కీ బెడ్‌కీ మధ్య కర్టెన్ ఉండి, ఒక్కరినే రానిస్తే గుంపు కాదు. నీళ్లు తాగించడం, నడుం రాయడం, లేచేటప్పుడు పట్టుకోవడం వాళ్లే చూసుకుంటారు. మిమ్మల్ని పిలిచే కేకలు తగ్గుతాయి.

మిగతావి సెకన్ల పని. పేరు పెట్టి పిలవడం. చెయ్యి వేసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పి సరే అనిపించుకోవడం. చూశాక ఎంత తెరుచుకుందో ఆమెకీ చెప్పడం (డాక్టర్‌కి మాత్రమే చెప్పి వెళ్లిపోతాం మనం). కర్టెన్ లాగడం. మీరు ఇంకో బెడ్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే "పది నిమిషాల్లో వస్తాను, ఈలోగా ముక్కాలనిపిస్తే గట్టిగా పిలవండి" అని చెప్పి వెళ్లడం.

ఒక విషయంలో మాత్రం తొందరకి అస్సలు లొంగొద్దు: ట్యూబెక్టమీ, లూప్ లాంటివాటికి నొప్పుల మధ్య సంతకం పెట్టించుకోవద్దు. హెచ్‌ఐవీ ఉన్న మహిళల మీద ఈ ఒత్తిడి చాలా దేశాల్లో జరిగింది. నమీబియాలో ముగ్గురు హెచ్‌ఐవీ ఉన్న మహిళలు కోర్టుకెళ్లారు. నొప్పుల్లో ఉండగా తీసుకున్న సంతకం తెలిసి ఇచ్చిన అంగీకారం కాదని 2014లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. కాన్పుకి ముందే తీరిగ్గా మాట్లాడి ఆమె కావాలని చెప్పి ఉంటే సరే. లేదంటే ఇంకోసారి వచ్చి చేయించుకోవచ్చు, ఏమీ మునిగిపోదు.

చివరిగా, మీరు అడగలేదు గానీ మీ ప్రశ్నలో ఉంది: కొత్తగా చేరిన మీరు సీనియర్లకి ఎలా చెప్పాలి? వార్డు మధ్యలో "ఇది వివక్ష" అని అనకండి, ఆ రోజు నుంచి మీ మాట ఎవరూ వినరు. మీ వరకు మీరు ఆమె దగ్గరికి మామూలుగా వెళ్లండి, బీపీ చూడండి, భుజం మీద చెయ్యి వేయండి. నలుగురూ చూస్తారు. ఎర్ర ఇంకు విషయం ఇన్‌చార్జి సిస్టర్‌తో విడిగా మాట్లాడండి, గుట్టు బయటపడితే ఆస్పత్రి మీదికి వచ్చే ఫిర్యాదు గురించి చెప్పండి. ఇన్‌చార్జిలకి ఆ భాష త్వరగా అర్థమవుతుంది. గ్లోవ్స్, కళ్లద్దాలు, పెప్ మందు అడిగేటప్పుడు మాత్రం నోటి మాటతో వదిలేయకుండా ఇండెంట్ (కావాల్సిన సామాను కోరే కాగితం) రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.